ఆకాశరామన్న దస్కత్తు

పొద్దున ఎనిమిదింటికి వచ్చి నిలబడ్డ చాంద్రిని మధ్యాహ్నం ఒంటిగంట దాటాక లోపలికి పిలిచారు.

బాన్సువాడ కచేరీ వరండాలో ఆమె ఇలా నిలబడడం ఇది మూడో రోజు. మూడు రోజులూ నాట్లు పోయాయి. కాలువ నీళ్ళు వదిలి పది రోజులైంది, ఎక్కడ చూసినా నడుములు వంచిన ఆడవాళ్ళే. రోజుకు ఏడు రూపాయలిచ్చి మరీ పిలుస్తున్నారు. ఆ పిలుపు వదులుకొని, ఒక కాయితం గురించి జవాబు చెప్పడానికి ఆమె ఇక్కడ నిలబడింది. ఆ కాయితం మూలంగానే ఆమె దవాఖానలో ఆయా కొలువుకు దూరమై నెల కావస్తోంది.

నాయబు తహసీల్దారు తల ఎత్తలేదు. "పుట్టిందెక్కడ?" అన్నాడు.

"డోంగ్లి దిక్కు సారూ. మా అవ్వగారి తాండల."

"అబద్ధం జెప్పకు. మహారాష్ట్రల పుట్టినవని రాసిండ్రు. అక్కడ లంబాడోళ్ళు ఎస్టీల కిందికి రారు. నీ సర్టిఫికేటు తప్పైతే నౌకరి పోవుడే గాదు, కేసైతది."

ఆయన కాయితం తీసి చదివాడు. పాత పుస్తకాల భాష. సగం ఆమెకు అర్థం కాలేదు, అర్థమైన సగం చాలు. 'చాంద్రి అను స్త్రీ మహారాష్ట్ర దేశమున చెఱకు తోటలలో జన్మించినది. మఱియు సర్కారు దవాఖాన యందు దూదియు, గోళీలును దొంగిలించి అంగడిలో అమ్ముకొనుచున్నది. మఱియు ఆమె నడవడి మంచిది కాదు...'

దూది సంగతి అబద్ధం. నడవడి సంగతి అబద్ధం. చెరకు తోట సంగతి మాత్రం నిజం. ఆమె తల్లి నిండు నెలలతో చెరకు నరకడానికి సరిహద్దు దాటి పోయింది. అక్కడే, నరికిన గడల పక్కన, చాంద్రి పుట్టింది. పదిహేనో రోజున తల్లి ఆమెను గుడ్డలో చుట్టుకొని తిరిగి తాండాకు వచ్చింది. ముప్పై రెండేళ్ళ కిందటి ఆ పదిహేను రోజులు ఇప్పుడు వచ్చి ఆమె మెడ పట్టుకున్నాయి.

"ఎవలు రాసిండ్రు సారూ?"

"ఆకాశరామన్న."

గదిలో ఉన్న ఇద్దరు గుమాస్తాలు ముసిముసిగా నవ్వారు. చాంద్రి వాళ్ళను చూసి, మళ్ళీ సారును చూసింది.

"గాయనది ఏ ఊరు?"

ఈసారి సారు కూడా నవ్వాడు. "ఆయనకు ఒక ఊరుంటదా? అన్ని ఊర్లు ఆయనయే. పో, జవాబు రాయించుకోని రా."

చాంద్రి బయటికి వచ్చింది. అన్ని ఊర్లూ ఆయనవే అంటే ఎంత పెద్ద దొర అయి ఉండాలి! అంత పెద్దవాడికి నూటయాభై రూపాయల ఆయా మీద పగ ఎందుకు? ఆమెకు తెలియలేదు. ఒకటే తెలిసింది, వాణ్ణి పట్టుకోవాలి. పట్టుకున్నాక ఏం చేయాలో ఆమె కొడవలికి తెలుసు.

నాలుగు రోజులు ఆమె రామన్నలను వెతికింది. బిచ్కుంద అంగడిలో తాళ్ళమ్మే రామన్న ఒకడున్నాడని తెలిసి అక్కడికీ పోయింది. వాడు ముసలివాడు. "నాకు నా పేరే రాయరాదు బిడ్డా" అని దండం పెట్టాడు. పక్కన ఉల్లిగడ్డలు అమ్మేవాడు సంగతి విని, పొట్ట చేతబట్టుకొని నవ్వాడు. "ఆకాశరామన్నను ఎతుక్కుంట వచ్చిందిరో!" అని అంగడంతా చాటాడు. ఆ నవ్వు ఆమె వెంట బస్సెక్కి బాన్సువాడ దాకా వచ్చింది.

కచేరీ ఎదుట చాయ్ హోటల్ నడిపే అజీజాకు మాత్రం నవ్వు రాలేదు. చాంద్రిని బల్ల మీద కూర్చోబెట్టి, చాయ్ చేతికిచ్చి చెప్పింది.

"అరే పిచ్చిదానా, గట్లెవడు లేడు. కింద పేరు లేకుంట ఉత్తరమొస్తే దాన్ని గట్లంటరు. మా దాంట్ల గుమ్‌నామ్ అంటం. పేరు తప్పిపోయినోడు."

"మరి రామన్న అని ఎందుకంటరు?"

జవాబు పక్క బల్ల నుంచి వచ్చింది. అక్కడ కచేరీ జవాను ఆబిద్ బన్ను ముంచుకొని తింటున్నాడు. "రామన్న లేని ఊరున్నదా అక్కా? ఎవడన్న కావొచ్చు. ఇగ ఆకాశం అంటే వాని పత్తా. పొయ్యి పట్టుకో సూద్దాం. ఆకాశానికి తలుపుంటదా, తాళముంటదా?"

చాంద్రి చాయ్ తాగలేదు.

"తప్పిపోలేదు అజీజక్కా. పేరు దాసిపెట్టుకున్నడు. దాసిపెట్టినోడు ఈడనే ఎక్కడనో ఉన్నడు. నన్ను రోజు సూస్తుండు."

మనిషి లేడనుకున్న క్షణం నుంచి ఆమెకు ఎదురైన ప్రతి మనిషీ వాడే అయ్యాడు. కంపౌండరు పలకరిస్తే వీడేనా అనిపించింది. బస్సులో పక్కకు జరిగి చోటిచ్చినవాడి ముఖం తేరిపార చూసింది. కొలువులో చేరినప్పుడు పంచిపెట్టిన బెల్లం ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో గుర్తు చేసుకుంది. అన్నిటికీ మించి ఒక ప్రశ్న ఆమెను తొలిచింది. చెరకు తోట సంగతి ఎవరికి తెలుసు?

తాండాలో తెలిసింది ఒక్కరికే. భీమ్లి. చాంద్రి భర్త రెడ్యాకు వదిన, ఆమెకు తోడికోడలు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలుపు తీస్తూ చెప్పుకున్న ముచ్చట అది. ఆయా కొలువుకు భీమ్లి కూడా ఆశపడింది. రానందుకు రెండు రోజులు మాట్లాడలేదు.

బోరింగు దగ్గర పది మంది ఆడవాళ్ళ ముందు చాంద్రి ఆమె కొప్పు పట్టుకుంది. బిందె దొర్లిపోయింది. "నా పిల్లల నోట్ల మన్ను గొట్టినవ్ గదనే!" అంటూ నేల మీదికి వంచి వీపు మీద గుద్దింది. భీమ్లి తిరిగి కొట్టలేదు. ఊపిరి ఆడనిచ్చాక ఒకటే మాట అంది.

"నాకు రాయొస్తదానే? నీ లెక్కనే నాది గూడ ఏలిముద్రనే గద."

"ఎవనితోనో రాయించినవ్!"

భీమ్లి బిందె లేపుకొని నీళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది. మరునాటి నుంచి రెండు ఇళ్ళ మధ్య మాట ఆగింది. భీమ్లి భర్త తన ఎద్దునివ్వనన్నాడు. సర్కారు లావణి పట్టా కింద ఇచ్చిన ఎకరన్నర దున్నక బీడు పడింది. ఆ కాయితం రాసినవాడు ఈ సంగతి వింటే ఎంత సంతోషించేవాడో!

ఈ కష్టంలో చాంద్రికి మిగిలిన ఆసరా వెంకట్రావు పంతులు. ఆయన మొన్నటిదాకా పట్వారి. ఏడాది మొదట్లో సర్కారు పటేల్ పట్వారీలను తీసేసింది. అప్పటిదాకా ఆయన ఇంటి ముందు చెప్పులు విడిచి నిలబడ్డ ఊళ్ళన్నీ ఒక్కరోజులో చెప్పులు తొడుక్కున్నాయి. పంతులు దిగులు పడినట్టు కనిపించలేదు. కచేరీ గోడ వారన ఒక చాప పరుచుకొని, చిన్న పెట్టె ముందు పెట్టుకొని దరఖాస్తులు రాయడం మొదలుపెట్టాడు. కాయితానికి మూడు రూపాయలు. ఆడవాళ్ళకు, అందులో తాండా ఆడవాళ్ళకు, రెండే. చాంద్రి కులం సర్టిఫికేటుకు దరఖాస్తు రాసింది ఆయనే. కొలువుకు రాసిందీ ఆయనే. ఇప్పుడు జవాబులు రాస్తున్నదీ ఆయనే.

"ఏడువకు బిడ్డా" అనేవాడు ప్రతిసారీ. "నలుగురు బాగుపడుతుంటే ఓర్వలేనోళ్ళు లోకంల ఉంటరు. పేరు పెట్టని ఆ లుచ్చా చేతులు పడిపోను!"

ఆ తిట్టు వింటే చాంద్రికి కొంత చల్లగా ఉండేది. ఆయన జవాబు రాసి, కింద మసికాయితం పెట్టి తీసిన నకలు ఒకటి ఆమెకిచ్చేవాడు. "భద్రంగ దాసుకో. అక్కెరకొస్తది." ఆమె వాటిని యూరియా సంచి ముక్కలో చుట్టి దాచేది.

ఒకరోజు మధ్యాహ్నం సార్లు భోజనాలకు పోయినప్పుడు ఆబిద్ ఆమెను లోపలికి పిలిచాడు. "అక్కా, ఒక్కపారి సూస్త అంటివి గద. దబ్బన సూడు" అని ఫైలు విప్పి ఆ ఉత్తరం ముందు పెట్టాడు.

చాంద్రికి అక్షరం రాదు. కానీ చిన్నప్పటి నుంచి అద్దాలూ గవ్వలూ పెట్టి కుట్లు కుట్టిన కళ్ళు ఆమెవి. ఒక గుడ్డ మీద ఏ కుట్టు ఎన్నిసార్లు వచ్చిందో ఎవరూ అడక్కుండానే ఆమె కళ్ళు చూసుకుంటాయి. ఆ ఉత్తరాన్ని కూడా గుడ్డను చూసినట్టే చూసింది. అక్షరాలన్నీ ఎడమకు వాలి, వచ్చీరాని చేత్తో రాసినట్టున్నాయి. వాటి నడుమ ఒక ఆకారం మాత్రం నదురూ బెదురూ లేకుండా నిలబడి ఉంది. అటొక గుండ్రం, ఇటొక గుండ్రం, నడుమ ఇరుసు. బండి గీరలలాగా. తొమ్మిది చోట్ల ఉంది.

ఇంటికి పోయి, మరిచిపోకముందే, చిరిగిన తువాల ముక్క మీద ఎర్రదారంతో ఆ ఆకారం కుట్టింది. మరునాడు అజీజా హోటల్లో ఆబిద్ ముందు పరిచింది.

"గిదేంది తమ్మీ?"

ఆబిద్ గుడ్డను అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "అబ్బ, మంచిగ కుట్టినవక్కా! గిది బండి ర. నిజంగనే బండి ర అంటరు దీన్ని. మా చిన్నప్పుడు బడిల ఒక ముసలి పంతులు నేర్పిండు. ఇప్పుడు బడిల ఎవలు రాయిస్తలేరు. మామూలు ర తోటే ఎల్లదీస్తుండ్రు."

"మరి ఎవలు రాస్తరు?"

"పాతకాలపోళ్ళు. మరియు అని రాసేటప్పుడు, చెరకు అని రాసేటప్పుడు."

చాంద్రి యూరియా సంచి విప్పింది. ఎందుకు విప్పిందో ఆమెకే తెలియదు. అందులో ఉన్నవి తప్ప ఆమె దగ్గర చూసుకోవడానికి వేరే రాతలు లేవు. నకళ్ళు నాలుగు. నీలం అక్షరాలు నిటారుగా, ముత్యాల్లా ఉన్నాయి. మొదటిదాంట్లో రెండో వరుసలో బండి గీరలు కనిపించాయి. నాలుగో వరుసలో మళ్ళీ. రెండో కాయితంలో ఐదు చోట్ల. మూడోదాంట్లో... ఆమె వేలు ఒక్కో గీర మీద ఆగుతూ పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. కులం దరఖాస్తు రాయించిన రోజు. 'పుట్టిన చోటు ఖచ్చితంగ చెప్పు బిడ్డా, నా దగ్గర దాచకు. దాస్తె రేపు నీకే తిప్పలు' అని ఆయన అడిగాడు. చాంద్రి చెప్పింది. చెరకు గడలు, గుడ్డలో చుట్టుకొని రావడం, అంతా. 'గది ఎవలకు చెప్పకు, నేను డోంగ్లి అనే రాస్త' అన్నాడాయన. ఆమె ఆయన కాళ్ళు మొక్కింది.

"తమ్మీ" అంది చాంద్రి. "పేరు లేని కాయితాలు మీ కచేరీకి ఎన్నొస్తయి?"

ఆబిద్ నకళ్ళ నుంచి కళ్ళు తీయలేదు. ముఖంలో నవ్వు పోయింది. "ఎన్కట ఏడాదికి ఐదారొస్తుండె. ఈ ఏడు నలభై దాటినయి. బర్రె లోను వచ్చినోళ్ళ మీద, పింఛన్లు వచ్చినోళ్ళ మీద. కొత్తగ ఏదన్న దొరికిందంటె చాలు..." ఆగాడు. "జవాబు రాయించుకోనీకి అందరు ఆ చాప మీదికే పోతరక్కా."

గాయం చేసేవాడూ, మందు అమ్మేవాడూ ఒకడే. తన ఇంటి ముందు చెప్పులు తొడుక్కున్నవాళ్ళ చేత తన చాప ముందు మళ్ళీ విప్పిస్తున్నాడు. పైగా రెండు రూపాయలు పుచ్చుకొని ఏడవకు బిడ్డా అంటున్నాడు.

చాంద్రి లేచింది. ఆబిద్ భయపడి చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కా, గిది సాక్ష్యం గాదు. బండి ర రాసేటోళ్ళు శానమంది ఉంటరు. కొడవలి పట్టుకుంటె నువ్వే జైలుకు పోతవ్."

"కొడవలొద్దు తమ్మీ" అంది ఆమె. "కొడవలితోని ఒక్కపారే అయిపోతది."

ఆ రోజు ఆమె పంతులు దగ్గరికి పోయి, ఎప్పటిలాగే చాప ముందు కూర్చుంది. ఇంకో జవాబు రాయించుకుంది. ఆయన చేతిని చూస్తూ కూర్చుంది. సన్నటి వేళ్ళు, పండిన గోళ్ళు, ఉంగరం. మరియు దగ్గర చెయ్యి అందంగా తిరిగి రెండు గీరలు వేసింది. "వాని చేతులు పడిపోను" అన్నాడు పంతులు అలవాటుగా. "పడిపోతయి పంతులూ" అంది చాంద్రి. ఎన్నాళ్ళకో ఆ పూట ఆమెకు ఆకలైంది. తాండాకు పోయి రెండు జొన్నరొట్టెలు తిన్నది.

ఆ వారమంతా నాట్లకు పోయి వచ్చి, పొద్దు ఉండగానే, ఆబిద్ చెప్పిన పేర్లు పట్టుకొని ఊళ్ళు తిరిగింది. హేమ్లాను కలిసింది. అతని బర్రె లోను ఆగిపోయింది. పాత బాకీ ఒకటి దాచాడని ఉత్తరం వచ్చింది. పాతబస్తీలో ఖదీజాను కలిసింది. భర్త చచ్చిపోలేదు, బొంబాయిలో ఉన్నాడని ఉత్తరం వచ్చి ఆమె పింఛను ఆగింది. ఇంకా నలుగురు దొరికారు. అందరినీ ఒకటే అడిగింది. "గా సంగతి నువ్వు ఎవలకు చెప్పినవ్?" అందరూ ముందు తల అడ్డంగా ఊపారు. తర్వాత ఆలోచించారు. తర్వాత వాళ్ళ ముఖాలు మారడం ఆమె చూసింది. ఆ మారడం చూడడానికి ఎంత దూరమైనా నడవవచ్చు అనిపించింది.

భీమ్లి ఇంటికీ పోయింది. "అక్కా, నువ్వు గాదు. రాసినోడు దొరికిండు" అంది గుమ్మంలో నిలబడి. భీమ్లి పిండి పిసుకుతోంది. లేచి వచ్చి తలుపు వేసింది.

అంగడి రోజు పట్టపగలు, చాప చుట్టూ జనం ఉన్న సమయంలో, చాంద్రి వచ్చి పంతులు ముందు కూర్చుంది. అజీజా హోటల్ ముందు నుంచి చూస్తోంది. ఆమె ఊళ్ళు తిరిగి కలిసిన ఆరుగురూ జనంలో కలిసి నిలబడ్డారు. ఆబిద్ వరండా మెట్ల మీద ఉన్నాడు.

"కలెక్టరు సాబుకు దరఖాస్తు రాయాలె పంతులూ. ఆకాశరామన్న మీద."

పంతులు ముచ్చటపడ్డాడు. "రాద్దాం బిడ్డా. చెప్పు."

"నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె. చాంద్రి చెరకు తోటల పుట్టిందని ఒకడు రాసిండు. మరియు దూది దొంగిలించిందని రాసిండు. మరియు హేమ్లా పాత బాకీ దాసిండని రాసిండు. మరియు ఖదీజా మొగడు బతికున్నడని రాసిండు."

కలం సాగింది. హేమ్లా పేరు దగ్గర కొంచెం తడబడి, మళ్ళీ సాగింది. ఖదీజా పేరు దగ్గర పంతులు తలెత్తి చాంద్రిని చూశాడు. ఆమె కళ్ళు ఆయన వేళ్ళ మీద ఉన్నాయి.

"మరియు" అంది చాంద్రి, "గియ్యన్ని రాసినోని పేరు వెంకట్రావు పట్వారి."

కలం ఆగిపోయింది.

చాంద్రి బొడ్లోంచి గుడ్డ తీసి కాయితం పక్కన పరిచింది. తడి ఆరని సిరాలో నాలుగు బండి గీరలు. వాటి పక్కన ఎర్రదారంతో కుట్టిన గీరలు. "సూడుండ్రి" అంది జనం వైపు తిరిగి. "నా మీద వచ్చిన కాయితంల ఇసొంటియి తొమ్మిదున్నయి. నాకు సదువు రాదు. గీ బండి నా మీదికెల్లి పోయింది గాబట్టి ఎరుక."

జనం మెడలు సాచారు. పంతులు తేరుకున్నాడు. ఎంతైనా ముప్పై ఏళ్ళు ఊళ్ళను ఏలినవాడు. చిన్నగా నవ్వి, "బండి ర రాసినోళ్ళంత దొంగలేనా? మా తాత గూడ రాసెటోడు. పొయ్యి తాతను అడుగు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అప్పుడు ఖదీజా ముందుకొచ్చింది. బురఖా ముసుగు ఎత్తి, "మా ఆయన బొంబాయి పొయ్యి, ఆడనే దవాఖానల సచ్చిపోయిండని, కాయితం దొరకలేదని నేను ఎవలకు చెప్పిన పంతులూ?" అని అడిగింది. "నీకే చెప్పిన."

"బాకీ ముచ్చట నా పెండ్లానికి గూడ ఎరుకలేదు" అన్నాడు హేమ్లా. "నీకే చెప్పిన."

"నీకే చెప్పిన" అంది ఇంకొక ఆమె వెనకనుంచి. "నీకే చెప్పిన పంతులూ."

ఆరుగురు ఒకరి తర్వాత ఒకరు అన్నారు. ఎవరూ అరవలేదు. నవ్వినవాళ్ళు నవ్వు ఆపారు. దరఖాస్తు కోసం వరసలో కూర్చున్న ఒక రైతు, అప్పుడే ఇచ్చిన మూడు రూపాయలు పెట్టె మీంచి తీసుకొని లేచిపోయాడు. పంతులు ముఖం పాలిపోవడం చాంద్రి కళ్ళార్పకుండా చూసింది. న్యాయం జరిగిందని తర్వాత అజీజా అన్నది. చాంద్రికి ఆ క్షణంలో న్యాయం గుర్తుకు రాలేదు. ఆ ముఖం ఇంకా పాలిపోవాలి, ఇంకా, ఇంకా, అని మాత్రమే అనిపించింది.

మరునాటి నుంచి ఆ చాప ముందు ఎవరూ కూర్చోలేదు. పంతులు రోజూ వచ్చాడు, పెట్టె తెరిచాడు, సాయంత్రం మూసుకొని పోయాడు. కచేరీలో మాత్రం ఏమీ మారలేదు. గుడ్డ మీద కుట్టును ఫైలులో పెట్టే పద్ధతి లేదని నాయబు తహసీల్దారు చెప్పాడు. చాంద్రి కొలువు చాంద్రికి రాలేదు.

ఎనిమిదో రోజు పట్టపగలు వెంకట్రావు పంతులు తాండాకు వచ్చాడు. జీవితంలో మొదటిసారి అక్కడికి నడిచి వచ్చాడు. రెడ్యా కంగారుపడి మంచం వాల్చాడు. పంతులు కూర్చొని, సంచిలోంచి టికెట్టు అంటించిన కవరు తీశాడు.

"కలెక్టరుకు రాసిన. మొదటి ఉత్తరం అబద్ధమని, చాంద్రి మంచిదని, పగతోని ఎవలో రాసిండ్రని. డబ్బల ఏస్తె నెల రోజుల్ల నౌకరొస్తది. పేరు లేని కాయితంతోని పోయింది, పేరు లేని కాయితంతోనే వస్తది. సర్కారు నడక గంతే."

రెడ్యా కళ్ళలో వెలుగు వచ్చింది. చాంద్రి కవరు చింపి కాయితం తీసింది. చదవడం రాదు, కింది వరకు చూసింది. కింద ఖాళీగా ఉంది.

"దస్కత్తు పెట్టు."

"దస్కత్తు పెడితే అబద్ధమని నీకెట్ల ఎరుకని అడుగుతరు, నేను జైలుకు పోత."

"పో."

"నేను జైలుకు పోతె నీకేమొస్తది? నౌకరి రావుడు కావాల్నా, నేను ఆగమైపోవుడు కావాల్నా?"

చాంద్రి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. నూటయాభై రూపాయలు, పిల్లల బడి, దవాఖాన తెల్లచీర. రెడ్యా ఆమె వైపే చూస్తున్నాడు.

"నువ్వు ఆగమైపోవుడు" అంది.

పంతులు లేచి, కాయితం మంచం మీదే వదిలి వెళ్ళిపోయాడు. రెడ్యా మొదట బతిమాలాడు. "మన పిల్లల మొకం జూడు. ఎవడు రాస్తేంది, ఏం రాస్తేంది, వేరే కవరు తెచ్చి డబ్బల ఏద్దాం" అన్నాడు. తర్వాత తిట్టాడు. తర్వాత, "నీకు పగ మీదున్న పాణం మా మీద లేదు" అని తలపాగా తీసి నేలకు కొట్టి వెళ్ళిపోయాడు. ఆ మాట ఆమెకు తగిలింది. అందులో కొంత నిజం ఉంది కాబట్టి లోతుగా తగిలింది. అయినా కాయితం డబ్బాలో పడలేదు. రేపు ఇంకొకడి మీద ఇంకొక పేరులేని కాయితం వస్తే, నా మీద వచ్చిన మంచి కాయితమూ దాని అక్కచెల్లెలే కదా అని ఆమెకు తోచింది. అది రెడ్యాకు ఎలా చెప్పాలో తెలియలేదు.

మరునాడు పొద్దున్నే ఆమె కచేరీ గోడ దగ్గరికి పోయింది. పంతులు పెట్టె తెరిచి కూర్చున్నాడు. కాయితాన్ని ఆయన ముందు పెట్టి, గాలికి పోకుండా ఒక రాయి పెట్టింది.

"కింద జాగ ఉన్నది పంతులూ" అని, ఎదురుగా బాసింపట్టు వేసి కూర్చుంది.

ఆయన కాయితం ముట్టలేదు. ఆమె కదలలేదు. కచేరీకి వచ్చేవాళ్ళు ఆగి చూసి పోతున్నారు. అజీజా చాయ్ పంపితే చాంద్రి పక్కన పెట్టింది. పది గంటలప్పుడు నాట్ల బురద కాళ్ళతోనే ఒక మనిషి వచ్చింది. భీమ్లి. చాంద్రి లేవబోయింది. భీమ్లి ఆమె ముఖం చూడలేదు. వచ్చి, చాంద్రికి మూరెడు దూరంలో, పంతులుకు ఎదురుగా కూర్చుంది.

"పది మంది ముందర నా కొప్పు గుంజింది ఇది" అంది పంతులుతో. "నీ రాతకు గుంజింది. నువ్వు పేరు పెట్టేదాక నేను గూడ లేవ. ముందుగాల నీ సంగతి. దీని సంగతి ఎన్కసీరి."

ఆ మూరెడు చోటు అలాగే ఉంది. ఎండ గోడ దిగి చాప మీదికి వచ్చింది. వెంకట్రావు పంతులు కలం మూత తీశాడు. కాయితం కింది అంచు మీద పాళీ ఆనించాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఆ చేతినే చూస్తున్నారు. పాళీ ఆనిన చోట సిరా చుక్క ఒకటి మెల్లగా వెడల్పవుతోంది. చెయ్యి మాత్రం ఇంకా కదలలేదు.